వైండింగ్ రిజిస్టరులో ‘సాలు’

ఆగస్టు నెల, రెండో శుక్రవారం. సాయంత్రం నాలుగున్నర. విరుదునగర్ ఊరి బయట ఒక నూలు మిల్లు, క్యాంటీను పక్క గది.

హాజరు: మిల్లు మేనేజరు. కోన్ వైండింగ్ విభాగం సూపర్‌వైజరు, అంటే మా అక్క కూతురు. ఆ విభాగంలో పనిచేసే ఇరవై ఆరేళ్ల అమ్మాయి. ఆ అమ్మాయి అత్తగారు. నేను.

హాజరు రాయనిదే నాకు ఏ విషయమూ మొదలు కాదు. కోవిల్‌పట్టిలో ఒక మిల్లు టైం ఆఫీసులో ముప్పై ఆరేళ్లు పనిచేశాను. గేటు పక్క కిటికీ వెనక కూర్చుని ఎవరు ఎప్పుడు వచ్చారో రాయడమే ఉద్యోగం. ఇంటికి వచ్చాక అదే అలవాటు డైరీలోకి దిగేది. డైరీ మాత్రం తెలుగులో రాస్తాను. తరాలుగా తమిళనాడులో స్థిరపడ్డ మా ఇళ్లలో తెలుగు నోట్లో ఉంటుంది గాని చేతిలోకి రాదు. బడిలో చదివేది తమిళం. గుంతకల్లు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక రైల్వే గుమస్తా మా పక్క వాటాలో దిగితే, ఇరవై రెండో ఏట ఆయన దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. నేను రాసేది టైం ఆఫీసులో ఎవరూ చదవలేరన్నది అదనపు సుఖం.

గురువారం పొద్దున మేనకోడలు ఫోన్ చేసింది.

"మామా, రేపు తీరిక ఉండాదా?"

"రిటైరైనోడికి తీరిక కాక ఇంకేముంటాది? సెప్పు."

"మా మిల్లుకి రాండి. మేనేజరు కాడ ఒక పంచాయితీ ఉండాది. మీరు సుమ్మ కూర్సోండి. మాట్లాడొద్దు."

"నోరు మూసుకుని కూర్సునేదానికి కోవిల్‌పట్టి నుంచి బస్సెక్కి రావాల్నా?"

"మీరుంటే ఆయన అరవడు మామా. మీరంటే ఆయనకి బయం."

ఆ భయానికి కారణం నాకు తెలుసు. ఆ మేనేజరు కుర్రతనంలో మా మిల్లులోనే ట్రైనీగా చేరాడు. ఒకరోజు ఏడు నిమిషాలు ఆలస్యంగా వస్తే అరరోజు సెలవు రాసేశాను. సైకిలు చెయిన్ తెగిందని చెప్పాడు. చెయిన్‌కి రిజిస్టరులో గడి లేదని నేను చెప్పాను.

విషయం ఏమిటో మేనకోడలు శుక్రవారం బస్టాండు నుంచి మిల్లుకు తీసుకెళ్తూ చెప్పింది. కొంత నాకు అంతకుముందే తెలుసు. వరుసగా రాస్తాను.

కోన్ వైండింగ్ అంటే చిన్న కండెల మీద నూలును పెద్ద కోనుల మీదికి చుట్టడం. పొడుగాటి యంత్రం, దాని మీద వరుసగా తిరిగే డ్రమ్ములు. ఒక్కొక్కరికి ఒక వరుస. దారం తెగితే ఆ డ్రమ్ము ఆగిపోతుంది, దాని మీద ఎర్రదీపం వెలుగుతుంది. మనిషి పరుగెత్తి వెళ్లి కొసలు పట్టి ముడి వేయాలి. ఈమధ్య గోడ మీద ఒక పెద్ద బోర్డు పెట్టారు. ఏ వరుసలో ఎంత నూలు చుట్టారో అంకెలు అందులో మారుతూ ఉంటాయి. ఎవరి అంకె తగ్గితే వాళ్ల వరుస పసుపు రంగుకు మారుతుంది. అందరూ చూస్తారు.

ఆ అమ్మాయి తిరుచ్చుళి పక్క పల్లెనుంచి వచ్చింది. మా జనమే, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అంతకుముందు వెంబకోట్టై వైపు బాణసంచా పనికి వెళ్లేది. అక్కడ పక్క షెడ్డులో ప్రమాదం జరిగిన రోజు అత్తగారు స్వయంగా వెళ్లి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఆ తర్వాత దొరికిన పని ఇది. మిల్లు పని పోతే మళ్లీ అక్కడికే పోవాలి; చుట్టుపక్కల ఇంకో దారి లేదు. ఆ భయం మనసులో పెట్టుకుని ఆమె బోర్డు వంక చూస్తూ పనిచేసేది. నీళ్లు తాగడం మానేసింది. తాగితే బయటికి వెళ్లాలి, వెళ్తే అంకె పడిపోతుంది. ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు ఎర్రదీపం ముందు నిలబడి, ముడి వేయడం ఎలాగో మరచిపోయింది. చేతులు వణికాయి, ఊపిరి అందలేదు. ఎవరో దిష్టి అన్నారు. ఎవరో మజ్జిగ తెమ్మన్నారు.

మేనకోడలు ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ అన్నీ చూసి, దేహంలో జబ్బేమీ లేదని, మనసు అలిసిపోయిందని చెప్పింది. మాత్రలు ఇచ్చింది. పని మధ్యలో వేళకు ఆగాలి, నీళ్లు తాగాలి, అలా ఆగుతోందో లేదో ఎవరైనా ఒకరు రాసి పెట్టాలి అంది.

చెప్పడం తేలిక. తిరిగే యంత్రం ముందు ఒక్క మనిషి ఎలా ఆగుతుంది? ఆగితే ఆమె వరుస ఒక్కటే పసుపు రంగుకు వస్తుంది. దీనికి మా మేనకోడలు కనిపెట్టిన ఉపాయం గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మా నల్లరేగడి చేలలో ఆడవాళ్లు పత్తికి కలుపు తీసేటప్పుడు ఒక కట్టుబాటు ఉంది. తలా ఒక సాలు పట్టుకుని వంగుతారు. ముందుగా చివరికి చేరిన మనిషి కొత్త సాలు పట్టకూడదు. వెనకబడిన మనిషి సాలులోకి చివరి నుంచి ఎదురు వచ్చి, ఇద్దరూ కలిసేదాకా తీయాలి. అందరి సాళ్లూ ముగిశాక నడుములు ఎత్తి నిలబడతారు. ముంతలో నీళ్లు చేతులు మారతాయి. పెద్దామె "సాలు" అంటుంది. మా మాటలో నాగలి సాలూ అదే, ఇక చాలు అనడమూ అదే. అలా ఆగి నిలబడడాన్ని ఎవరూ విశ్రాంతి అనుకోరు. అది కూడా పనిలో భాగమే. మా అక్క ఆ గుంపులకు పెద్దామెగా చాలా ఏళ్లు ఉండేది. కూతురు చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని చూసింది.

దాన్ని ఈమె మిల్లులోకి తెచ్చింది. ఒక విడత కోనులు నిండి దించగానే, ముందు ముగించిన మనిషి వెనకబడిన మనిషి వరుసకు వెళ్లాలి. అక్కడి ఎర్రదీపాలు ఇద్దరూ కలిసి ఆర్పాలి. అన్ని వరుసల్లో దీపాలు ఆరాక, కొత్త విడత ఎక్కించే ముందు అందరూ ఒకేసారి నిలబడి నీళ్లు తాగాలి. మూడు నాలుగు నిమిషాలు. బోర్డు గురించి మాట్లాడకూడదు. షిఫ్టుకు ఐదు సార్లు. అందరూ ఒకేసారి ఆగుతారు కనుక ఏ వరుసా పసుపు రంగుకు రాదు. తెలుగు తెలియని ఆడవాళ్లు కూడా ఆ వేళకు "సాలు, సాలు" అని అరవడం నేర్చుకున్నారట. నెల తిరిగేసరికి ఆ అమ్మాయి చేతుల వణుకు తగ్గింది. మిగతా వాళ్లు కూడా తలనొప్పి అని సెలవు అడగడం తగ్గిందని మేనకోడలు చెప్పింది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడే డైరీలో ఒక పేజీ రాసుకున్నాను. నేను ముప్పై ఆరేళ్లు గేటు దగ్గర కూర్చుని ఇలాంటి ఆలోచన ఒక్కటీ చేయలేదని కూడా రాసుకున్నాను.

తప్పు జరిగింది రాతలో.

డాక్టరమ్మ చెప్పిన ప్రకారం మేనకోడలు వైండింగ్ రిజిస్టరులో ఆ అమ్మాయి పేరుకు ఎదురుగా రోజూ ‘సాలు 5’ అని రాసేది. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. తమిళ అక్షరాల్లో రాసింది. ఐదు సార్లు ఆగింది, నీళ్లు తాగింది అని ఆమె అర్థం. ఇంతలో కొత్త యంత్రం నేర్చుకుని రమ్మని ఆమెను పన్నెండు రోజులు కోయంబత్తూరు పంపారు. ఆ రోజుల్లో మేనేజరు రిజిస్టరు తిరగేశాడు. ఆయన సాత్తూరు పక్క రైతు బిడ్డ. తమిళంలో సాల్ అంటే నాగలి చాలు, వరుస. అందరూ ఒక్కొక్క వరుస చూస్తుంటే ఈ అమ్మాయి ఒక్కతే రోజూ ఐదు వరుసలకు చెయ్యి వేస్తోందని ఆయన అనుకున్నాడు. ఎంత పనిమంతురాలు! ఆమెకు పక్క వరుసలో సగం కూడా అప్పగించాడు. ఆ నెలకు ఉత్తమ ఉద్యోగిని అని ఫోటో తీయించి, రంగుల్లో పెద్దది చేయించి, బోర్డు పక్కనే గోడకు పెట్టించాడు.

పొగిడి ఇచ్చిన దాన్ని కాదనడం ఆ అమ్మాయికి చేతకాలేదు. ఒకటిన్నర వరుసతో ఆమె అందరికన్నా వెనకబడింది. సూపర్‌వైజరు లేకపోవడంతో నీళ్ల వేళలు కూడా చెదిరిపోయాయి. తొమ్మిదో రోజు చేతులు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి. మేనకోడలు తిరిగి వచ్చేసరికి రాజీనామా ఉత్తరం ఆఫీసుకు చేరింది. మేనేజరు సంతకం ఒక్కటే మిగిలింది.

మేనేజరుతో మాటలన్నీ తమిళంలో జరిగాయి; ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రండయ్యా. ఈరోజు నేను సమయానికే వచ్చాను."

"రాసుకుంటాను" అన్నాను. మేనకోడలు నా వంక చూసింది. అంతటితో ఊరుకున్నాను.

అందరికంటే ముందు అత్తగారే అందుకుంది. "నా కోడలి ఫోటో గోడకు ఎక్కించింది మీరేనా సార్? బతికున్న మనిషి! దండ ఒక్కటే తక్కువ."

"అమ్మా, అది గౌరవానికి పెట్టాం."

"మా ఊళ్లో గోడకెక్కినవాళ్లు ఎవరూ దిగి రాలేదు సార్" అంది. తర్వాత మా మేనకోడలి వైపు తిరిగి, ఇంటి మాటలో, "ఇదిగో అమ్మా, ఈ బిడ్డ రాత్రి నిద్దర్లో కూడా వేళ్లతో ముడి ఏస్తా ఉండాది. నేను సేయి పట్టుకుని పడుకుంటా ఉండా" అంది.

మేనేజరు ఇబ్బందిగా కదిలాడు. ఇంత బాగా పనిచేసే మనిషి ఎందుకు వెళ్లిపోతోందో తనకు అర్థం కావడం లేదని, ఐదు వరుసలు చూసిన మనిషికి ఒకటిన్నర ఎక్కువెలా అవుతుందని అడిగాడు.

మేనకోడలు రిజిస్టరు తెరిచి ఆయన ముందుకు జరిపింది. "తప్పు నాది సార్. ఇక్కడ మీరు ఏమని చదివారు?"

"సాల్ ఐదు. ఐదు వరుసలు."

"కాదు సార్. ఐదు సార్లు ఆగింది. మా ఇంటి మాటలో సాలు అంటే చాలు. నేను మా మాటను మీ అక్షరాల్లో రాశాను. ఎవరైనా చదువుతారని ఆలోచించలేదు."

ఆయన పేజీలు వెనక్కి తిప్పాడు. నెలన్నర పొడుగునా సాలు 5, సాలు 5, ఒకచోట సాలు 4. తలెత్తి నన్ను చూశాడు. "అయ్యా, నిజంగా మీలో దానికి రెండు అర్థాలున్నాయా?"

మాట్లాడవచ్చా అని మేనకోడలి వంక చూశాను. తల ఊపింది.

"ఉన్నాయి. మా ఇంట్లో విస్తరి ముందు కూర్చుని సాలు అంటే వడ్డించడం ఆపాలి. మీరు ఇంకో గరిటె వేశారు."

అత్తగారు పకపకా నవ్వింది. ఆ అమ్మాయి కూడా తల వంచుకునే కొంచెం నవ్వింది. మేనేజరుకు మాత్రం నవ్వు రాలేదు. రిజిస్టరు మూసి, వేరే గొంతుతో అడిగాడు.

"ఆగింది అంటున్నారు. ఆమె ఒక్కతే ఆగిందా?"

"అందరం ఆగాం సార్. షిఫ్టుకు ఐదు సార్లు."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే వద్దంటారని చెప్పలేదు. అదీ నా తప్పే. రెండూ నా మీద రాయండి సార్. ఆ అమ్మాయికి మాత్రం తన ఒక్క వరుస తనకు ఇవ్వండి. ఆగే వేళలు ఉండనివ్వండి. అవి లేకుండా ఆమె ఈ పనిలో నిలవలేదు."

ఒక్క ఆమె ఉద్యోగం గురించి వచ్చిన మాట ఇద్దరి ఉద్యోగాల మీదికి వచ్చింది. నా కాలంలో సూపర్‌వైజర్లు ఇలాంటి చోట తప్పును కింది మనిషి మీదికి తోయడం ఎన్నిసార్లు చూశానో. ఈమె గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

"రోజుకు ఐదు సార్లు యంత్రాలు ఆపితే నూలు పడిపోదా?" అన్నాడు ఆయన.

"ఆ ఆగిన రోజులు చూసే కదా సార్, మీరు ఆమెను ఉత్తమ ఉద్యోగిని అన్నారు."

ఆయన రిజిస్టరు పక్కకు జరిపాడు. ఆ అమ్మాయిని నేరుగా అడిగాడు. "నీకు ఏం కావాలమ్మా? వెళ్తావా, ఉంటావా?"

ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "పని కావాలి సార్. నాకు ఈ పని వచ్చు. ఆ ఫోటో తీసేయండి. దాని కింద నిలబడితే కాళ్లు కదలడం లేదు." తర్వాత మేనకోడలితో మెల్లగా, "అక్కా, నాకు వరస ఎక్కువ ఇచ్చినారని సెప్పేదానికి నోరు రాలేదు. మెచ్చుకున్నోళ్లతో ఎట్ట సెప్పేది?" అంది.

"రేపు మొదటి షిఫ్టుకు నేను వచ్చి నిలబడతాను" అన్నాడు మేనేజరు. "మీరు చేసేదేదో నా కళ్లముందు చేయండి. చూశాక ఉత్తరం సంగతి చెబుతాను. అప్పటిదాకా సంతకం పెట్టను. ఆ తర్వాత కూడా పెట్టనని మాట ఇవ్వను."

లేస్తూ నాతో అన్నాడు. "అయ్యా, ఆరోజు చెయిన్ నిజంగానే తెగింది."

"తెలుసు. ఆరోజు మీ చేతులకు గ్రీజు ఉంది" అన్నాను. అప్పుడు ఆ గ్రీజు చూసి కూడా అరరోజే రాశానన్న సంగతి నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఆయనకు ఎప్పుడూ మరుపు రాలేదనుకుంటాను.

సాయంత్రం మేనకోడలి ఇంటికి వెళ్లాం. దీపం పెట్టే వేళకు బీరకాయలు చెక్కు తీస్తూ అడిగింది.

"మామా, మీ టైం ఆపీసులో ఇట్ట వణికినోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"ఉండే ఉంటారు."

"మీరేం సేసినారు?"

డైరీలో నా చేతిరాత నాకు గుర్తే. ‘గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఏడ్చారు. కారణం అడగలేదు. పద్నాలుగు నిమిషాల ఆలస్యం.’ ఆ మాటే చెప్పాను. నిమిషాలు రాసి కారణం వదిలేసిన ఆ వాక్యం నాకు అంతవరకూ తప్పుగా తోచలేదు.

"అప్పుడు ఎవురూ అడిగేవాళ్లు కాదు లే మామా" అంది. నన్ను వెనకేసుకొచ్చింది. తనకు భయంగా లేదా అని అడిగాను.

"ఉండాది. రేపు బోర్డులో నంబరు పడిపోతే ఆ బిడ్డ పోతాది, నేను కూడా పోతా. అయినా రేపు ఎవురినీ పరిగెత్తమని సెప్పను. రోజూ సేసినట్టే సేస్తాం. పరిగెత్తించి చూపిస్తే ఎల్లుండి నుంచి అదే పరుగు అడుగుతాడు."

ఆ లెక్క మేనేజర్లకు కూడా తట్టదు.

శనివారం పొద్దున ఆరింటికి పది నిమిషాల ముందు విభాగం తలుపు దగ్గర ఉన్నాను. చెవులకు దూది ఇచ్చారు. ఫోటో ఉన్నచోట గోడ తెల్లగా, నలుచదరంగా కనిపించింది. ఆ అమ్మాయి వచ్చింది. తన ఒక్క వరుస ముందు నిలబడింది. మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని బోర్డు కింద నిలుచున్నాడు. ఎవరూ ఆయన వంక చూడలేదు. మేనకోడలు అలాగే చెప్పి ఉంటుంది.

మొదటి విడత దించేసరికి అందరికన్నా వెనక ఆ అమ్మాయే. ఆమె వరుసలో మూడు ఎర్రదీపాలు. చేతులు వణకడం నాకు తలుపు దగ్గరికే కనిపించింది. అందరికన్నా ముందు ముగించిన ఒక పెద్దావిడ, బరువైన మనిషి, ఏ తొందరా లేకుండా నడిచి వెళ్లి చివరి దీపం దగ్గర మొదలుపెట్టింది. ఇద్దరూ మధ్య దీపం దగ్గర కలుసుకున్నారు. అది ఆరింది. అప్పుడు అందరూ నీళ్ల డ్రమ్ము దగ్గరికి కదిలారు. మేనేజరు గడియారం చూశాడు. నేనూ చూశాను, నాలుగున్నర నిమిషాలు. బోర్డు మీద అన్ని వరుసలూ ఒకేలా తగ్గి, కాసేపటికి ఒకేలా లేచాయి.

ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. రెండో విడత దాకా అక్కడే నిలబడ్డాడు. ఈసారి వెనకబడింది తలుపు పక్క వరుసలోని కొత్త పిల్ల. ఆమె వైపు నడిచినవాళ్లలో మన అమ్మాయి ఉంది. వేళ్లు ఇంకా నిలకడగా లేవు. మొదటి ముడి జారింది. రెండోది పడింది.

నీళ్లు తాగడానికి నిలబడ్డప్పుడు మేనేజరు మా మేనకోడలిని పిలిచాడు. యంత్రాల హోరులో దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇది ఉండనివ్వండి. రిజిస్టరులో ఆమె ఒక్కతికే కాదు, అందరికీ రాయండి. ఆగారు, నీళ్లు తాగారు అని తమిళంలో విడమరిచి రాయండి. నాకు చెప్పకుండా చేసినందుకు మీకు ఒక మెమో వస్తుంది. తీసుకోండి."

"తీసుకుంటాను సార్" అంది ఆమె.

అప్పుడే ఆ అమ్మాయి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది. ఏదో చెప్పబోయి ఆగింది. మేనకోడలు "సెప్పు" అన్నట్టు గడ్డం ఎత్తింది.

"సార్, వచ్చే ఆవణి నెలలో మా మరిదికి పెళ్లి. రెండు రోజులు సెలవు కావాలి."

ఆయన ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఉద్యోగం వదిలేసే మనిషి వచ్చే నెలకు సెలవు అడగదని టైం ఆఫీసు కిటికీ వెనక కూర్చున్న ఎవరికైనా తెలుసు.

"చీటీ రాసి ఇవ్వమ్మా. ముందుగా ఇస్తే మంచిది" అన్నాడు.

ఆమె చీటీ కోసం మేనకోడలి బల్ల వైపు వెళ్లింది. ఆయన ఆఫీసు వైపు వెళ్లాడు. సమయం తొమ్మిదీ పది.